‘ఎవరు’ కంటే ముందు ‘ఎలా’

ప్రోగ్రాంలో తప్పుంటే ఏమవుతుంది? మహా అయితే కంప్యూటర్ బిగుసుకుపోతుంది. తిట్టుకుంటూ ఆపి మళ్లీ ఆన్ చేస్తాం. అదీ ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది. సేవ్ చేయని ఉత్తరమో లెక్కో పోతే మళ్లీ రాసుకుంటాం. అంతేగానీ, ఎక్కడో ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పు దొర్లితే మన కంప్యూటర్ లోపలి చిప్పుకే దెబ్బ తగులుతుందని ఎవరూ అనుకోరు.

2008లో సరిగ్గా అదే జరిగింది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ 2.6.27 అప్పటికి ఇంకా పరీక్షల దశలో ఉంది. అందరికీ ఇచ్చేముందు దాన్ని కొందరు తమ సొంత యంత్రాల్లో వేసుకుని వాడి చూస్తారు. వాళ్లకు జీతం ఉండదు, పేరూ రాదు. పదిమందికి మంచి సాఫ్ట్‌వేర్ అందాలన్న తపనే. ఆ ఏడాది సెప్టెంబరు నాటికి అలాంటివాళ్ల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. నెట్‌వర్క్ పనిచేయడం లేదు. ఆపి ఆన్ చేసినా లేదు. పాత వెర్షన్ తిరిగి వేసినా లేదు. వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టినా లేదు!

నేను ఇంజినీర్ని కాను. జర్నలిజం డిప్లొమా చేసి పత్రికలో ఫీచర్లు రాసుకునేదాన్ని. ఈ కథ నాకు చెప్పింది మా పెదనాన్న కొడుకు. హైదరాబాద్‌లో డ్రైవర్లు రాసే ఉద్యోగం. కారు డ్రైవర్లు కాదు... కంప్యూటర్‌కీ దానికి తగిలించిన పరికరాలకీ మధ్య మాట నడిపించే ప్రోగ్రాంలను డ్రైవర్లంటారు. వేరే వ్యాసం కోసం నాలుగు వివరాలు అడుగుదామని వెళ్తే, మాటల్లో ఈ సంగతి వచ్చింది. వ్యాసం అచ్చయింది, మరిచిపోయాను. ఈ కథ మాత్రం వదల్లేదు. ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

పోయింది చిప్పు కాదు, దాని జ్ఞాపకం

దెబ్బతిన్నవి ఇంటెల్ కంపెనీ 82566, 82567 రకం నెట్‌వర్క్ చిప్‌లు. ఆ రోజుల్లో చాలా ల్యాప్‌టాప్‌ల్లో ఉండేవి. వీటిని నడిపే డ్రైవర్ పేరు ‘ఈ1000ఈ’.

ప్రతి నెట్‌వర్క్ చిప్పుకీ ఒక చిన్న శాశ్వత జ్ఞాపకం ఉంటుంది. కరెంటు పోయినా అందులో రాసింది చెరిగిపోదు. ఆ చిప్పుకు మాత్రమే చెందిన 6 బైట్ల చిరునామా, అది ఎలా పనిచేయాలో చెప్పే కొన్ని అంకెలు, ‘ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి’ అని సరిచూసుకోవడానికి ఒక మొత్తం... ఇవన్నీ అందులోనే. డ్రైవర్ లేవగానే ఆ అంకెలన్నీ కూడి చూస్తుంది. మొత్తం సరిపోతే పనిలోకి దిగుతుంది. లేకపోతే ‘లెక్క తప్పింది’ అని ఒక ముక్క చెప్పి ఆగిపోతుంది.

ఆ మొత్తమే తప్పుతోంది. ఎవరో ఆ జ్ఞాపకంలో పిచ్చిగీతలు గీసేస్తున్నారు. తమ చిప్పు అంకెలను ముందుగా కాపీ చేసి పెట్టుకున్నవాళ్లు వాటిని తిరిగి రాసుకునే వీలుంది. కానీ నెట్‌వర్క్ చిప్పు జ్ఞాపకాన్ని కాపీ తీసి పెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది?

“అసలు ప్రోగ్రాం వెళ్లి చిప్పు మీద రాయడమేంటి అన్నయ్యా?” అనడిగాను.

“రిజిస్టర్ల ద్వారా” అన్నాడు.

నా మొహం చూసి నవ్వాడు. “ఆఫీసులో సంతకాలు పెట్టే రిజిస్టర్ కాదమ్మా. చిప్పు మీద ఉండే మీటల్లాంటివి. ఒక్కోదానికీ ఒక చిరునామా ఉంటుంది. మామూలు మెమరీలో రాసినట్టే ఆ చిరునామాకు ఒక అంకె పంపిస్తాం. తేడా ఏంటంటే, మెమరీలో రాస్తే అది అక్కడే పడి ఉంటుంది. రిజిస్టర్‌లో రాస్తే పని జరిగిపోతుంది.”

ఇది కాస్త నిదానంగా అర్థం చేసుకోవాల్సిన మాట. గోడ మీద సుద్దముక్కతో ‘నీళ్లు వదులు’ అని రాస్తే నీళ్లు రావు. అదే చేత్తో కుళాయి తిప్పితే వస్తాయి. మెమరీ గోడ లాంటిది, రిజిస్టర్ కుళాయి లాంటిది. కంప్యూటర్‌కి మాత్రం రెండూ చిరునామాలుగానే కనిపిస్తాయి. ‘ఫలానా నంబరులో ఇది రాయి’ అంటే రాసేస్తుంది. ఆ నంబరు దగ్గర ఉన్నది గోడో కుళాయో అది అడగదు. ఈ నెట్‌వర్క్ చిప్పు శాశ్వత జ్ఞాపకాన్ని చెరిపే మీటలు కూడా అలాంటి చిరునామాల దగ్గరే ఉన్నాయి. దారితప్పిన రాత ఒక్కటి అక్కడ పడితే చాలు.

అనుమానం ఎవరి మీద?

మొదటి అనుమానం ఎవరి మీదికి పోతుందో చెప్పనక్కర్లేదు. పోయింది నెట్‌వర్క్ చిప్పు. దాన్ని ముట్టుకునే అధికారం ఉన్నది నెట్‌వర్క్ డ్రైవర్‌కి. ఇంకెవరు చేస్తారు? ‘ఈ1000ఈ బగ్’ అన్న పేరు పడిపోయింది. కొన్ని లైనక్స్ పంపిణీలైతే తమ పరీక్ష వెర్షన్లలో ఆ డ్రైవర్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టేశాయి.

రెండో అనుమానం గ్రాఫిక్స్ మీద. తెర మీద బొమ్మ గీసే ప్రోగ్రాం కూడా చిప్‌లతో నేరుగా మాట్లాడేదే. అది దారితప్పి పక్కవాళ్ల చిరునామాలో రాస్తోందేమోనని చాలామంది నమ్మారు.

నన్ను ఆకట్టుకున్న ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. దోషి ఎవరో తేలలేదు. వెర్షన్ విడుదల దగ్గరపడుతోంది. రోజులు గడిచేకొద్దీ ఇంకొన్ని యంత్రాలు పోతాయి. అప్పుడు ఇంటెల్ ఇంజినీర్లు ఏం చేశారు? ‘మా డ్రైవర్ చేయలేదు’ అని ప్రకటన ఇచ్చి కూర్చోలేదు. ముందు ఇంటికి తాళం వేశారు.

ఆ చిప్‌లలోనే అందుకు వీలుంది. శాశ్వత జ్ఞాపకంలో నెట్‌వర్క్‌కి చెందిన భాగం మీద రాయడం, చెరపడం కుదరకుండా హార్డ్‌వేర్‌నే బిగించేయవచ్చు. డ్రైవర్ లేవగానే ఆ తాళం వేసేలా మార్చారు. ఒకసారి వేశాక నడుస్తున్న ప్రోగ్రాం ఏదీ దాన్ని తీయలేదు... డ్రైవర్‌తో సహా! మళ్లీ రాయాలంటే యంత్రం పూర్తిగా ఆపి, కావాలని తాళం వద్దని చెప్పి, మొదలుపెట్టాల్సిందే. 2008 అక్టోబరు 9న 2.6.27 విడుదలైంది. ఆ తాళం అందులో ఉంది. దొంగ దొరకలేదు గానీ సొమ్ము భద్రమైంది.

అంతేకాదు. ఈ గొడవలో తమ డ్రైవర్‌ని తామే మళ్లీ మొదటినుంచీ చదువుకున్నారు. జ్ఞాపకాన్ని ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా చూసే ఏర్పాట్లలో లొసుగులు కనిపిస్తే సరిదిద్దారు. ఆ లొసుగులు ఈ ప్రమాదానికి కారణం కాకపోయినా సరే.

నాన్న, నలభై బస్తాలు

ఈ మాట వింటున్నప్పుడే నాకు నాన్న గుర్తొచ్చారు.

నాన్న ఒక సహకార సంఘంలో గుమాస్తా. గోడౌన్ తాళాలు ఆయన దగ్గరే ఉండేవి. స్టాక్ రిజిస్టర్ కూడా ఆయనే రాసేవారు. నేను హైస్కూల్లో ఉండగా ఒకసారి ఎరువుల స్టాక్ సరిచూస్తే నలభై బస్తాలు తక్కువొచ్చాయి. పుస్తకంలో ఉన్నాయి, గోడౌన్లో లేవు. తాళం ఎవరి దగ్గరుంది? ఇంకేం అడగాలి!

ఆయన్ని ఎవరూ దొంగ అనలేదు. అనాల్సిన అవసరం కూడా రాలేదు. టీకొట్టు దగ్గర మాటలు ఆగిపోయేవి. అమ్మ కిరాణా కొట్టుకెళ్తే ‘ఖాతా వద్దులెండి, రొక్కం ఇవ్వండి’ అన్నారు. నాన్న మాత్రం రాత్రిళ్లు పాత కాగితాలు ముందేసుకుని కూర్చునేవారు. “బస్తాలు ఎవరు తీశారో నాకు తెలీదమ్మా. అవి ఎలా పోయాయో తెలిస్తే ఎవరన్నది అదే తెలుస్తుంది” అనేవారు.

నాలుగు నెలల తర్వాత ఆడిట్‌లో తేలింది. బస్తాలు ఎక్కడికీ పోలేదు. అసలు రానేలేదు. ఒకే లారీ లోడుకు రెండు రసీదు కాపీలొస్తే, వాటిని రెండు లోడ్లుగా పైఆఫీసులో లెక్కగట్టి పంపారు. నాన్న పుస్తకంలోకి ఎక్కింది ఆ అంకే. నష్టం కనబడింది గోడౌన్లో. పొరపాటు జరిగింది ఎక్కడో మెట్ల పైన, బల్ల మీద.

నాన్నను ‘ఇక మామూలుగా పనిచూసుకోండి’ అన్నారు. అంతే. ఒక కాగితం లేదు, పదిమందిలో ఒక మాట లేదు. అనుమానం ఊరంతా తిరిగింది. నిజం మాత్రం ఆఫీసు గడప దాటలేదు.

నిఘా పెట్టినవాడే...

మళ్లీ అక్టోబరు 2008కి వద్దాం. తాళం వేశారు, బాగానే ఉంది. కానీ దారితప్పిన రాత ఆగలేదు కదా! నెట్‌వర్క్ చిప్పు తలుపు మూసుకుంటే అది ఇంకో తలుపు తడుతుంది. అందుకే వెతుకులాట ఆపలేదు.

కొత్త వెర్షన్లో వేల మార్పులు చేరాయి. వాటిలో ఏది? ఒక్కొక్కటీ తీసేస్తూ చూడాలి. మామూలు బగ్ అయితే తప్పు బయటపడిన ప్రతిసారీ యంత్రం ఆపి ఆన్ చేస్తే సరి. ఇక్కడ తప్పు బయటపడిన ప్రతిసారీ చిప్పు జ్ఞాపకం పోతుంది. దాన్ని తిరిగి రాస్తేగాని తర్వాతి పరీక్ష లేదు. అంత ఓపిగ్గా వెతగ్గా వెతగ్గా ఒకచోట తీగ దొరికింది. ‘ఎఫ్‌ట్రేస్’ అనే భాగాన్ని తీసేసి నడిపితే చిప్పు క్షేమం!

ఎఫ్‌ట్రేస్‌కీ నెట్‌వర్క్‌కీ ఏ సంబంధమూ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఏ ఫంక్షన్ ఎప్పుడు నడుస్తోందో కనిపెట్టి చూసే పనిముట్టు అది. ఇంజినీర్లకు తప్పులు వెతకడంలో సాయపడాలని 2.6.27లోనే కొత్తగా చేర్చారు. అంటే, తప్పుల మీద నిఘా పెట్టడానికి వచ్చినవాడి చేతిలోనే తప్పు జరిగింది.

ఎలాగంటే... ప్రతి ఫంక్షన్ మొదట్లో ఎఫ్‌ట్రేస్‌ని పిలిచే చిన్న పిలుపు ఒకటి ఉంటుంది. నిఘా అక్కర్లేనప్పుడు కూడా అన్ని ఫంక్షన్లూ పిలుస్తూ ఉంటే యంత్రం నెమ్మదిస్తుంది. అందుకని ఏర్పాటేంటంటే, ఒక ఫంక్షన్ మొదటిసారి నడిచినప్పుడు దాని చిరునామా జాబితాలో చేరుతుంది. సెకనుకోసారి ఒక పనివాడు లేచి, జాబితాలోని చిరునామాలకు వెళ్లి, ఆ పిలుపుల్ని చెరిపి ‘ఏమీ చేయకు’ అని రాసి వస్తాడు. మీరు నిఘా వాడకపోయినా ఈ పనివాడు తిరుగుతూనే ఉంటాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. కొన్ని ఫంక్షన్లకు ఆయుష్షు తక్కువ. ఒక డ్రైవర్ లేచేటప్పుడు ఒక్కసారి నడుస్తాయి. పెళ్లయ్యాక పందిరి విప్పేసినట్టు, ఆ తర్వాత వాటి చోటును ఖాళీ చేయించి వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. జాబితాలో మాత్రం పాత చిరునామా అలాగే ఉండిపోయింది. ఆ ఖాళీ అయిన చిరునామాలే ఒక్కోసారి నెట్‌వర్క్ చిప్పు రిజిస్టర్లకు దక్కాయి!

ఊళ్లో గోడలకు సున్నం వేసే మనిషిని ఊహించుకోండి. చేతిలో నెల కిందటి చీటీ. అందులో ఉన్న ఇల్లు పడగొట్టేశారు. అదే నంబరులో ఇప్పుడు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఆ మనిషికి ఆ సంగతి తెలియదు.

అయితే ఈ పనివాడు మరీ అజాగ్రత్త మనిషేం కాదు. రాసేముందు ‘ఇక్కడ నేననుకున్నదే ఉందా?’ అని సరిచూసుకుంటాడు. ఉంటేనే మారుస్తాడు, లేదంటే వదిలేస్తాడు. ఈ రెండు పనుల్నీ ఒకే దెబ్బలో చేసే ఆదేశం ప్రాసెసర్లో ఉంది, ‘కంపేర్ అండ్ ఎక్స్ఛేంజ్’ అని. దాన్నే వాడారు. చూడ్డానికి ఇంతకంటే భద్రం ఏముంటుంది?

కానీ ఆ ఆదేశానికి ఒక అలవాటు ఉంది. అనుకున్నది అక్కడ లేకపోయినా అది ఊరికే తిరిగిరాదు. చదివిన అంకెనే మళ్లీ అక్కడ రాసి వస్తుంది. మామూలు మెమరీలో దీనివల్ల నష్టమేమీ లేదు. గోడ మీద ఉన్న అక్షరాన్నే మళ్లీ దిద్దినట్టు. రిజిస్టర్లో అలా కాదు. అక్కడ రాయడమంటేనే ఆజ్ఞ. చదివినప్పుడు కనిపించిన అంకెకీ, అదే అంకె రాస్తే జరిగే పనికీ పొంతన ఉండాలని లేదు. సున్నం వేసే మనిషి ‘ఇది గోడేనా?’ అని ట్రాన్స్‌ఫార్మర్‌ని తాకి చూశాడు. తాకడమే ప్రమాదం!

ఇది విన్నాక చాలాసేపు నాకు మాట రాలేదు. జాగ్రత్త కోసం పెట్టిన మెట్టే జారింది. ఇందులో దుర్మార్గుడు లేడు, సోమరి లేడు. డ్రైవర్ తన పని తను చేసుకుంది. పనివాడు సరిచూసుకునే వెళ్లాడు. పాత చీటీకీ కొత్త చిరునామాకీ మధ్య ఎవరూ చూడని సందులో జరిగిందీ ప్రమాదం.

మరమ్మతు అంటే...

అక్టోబరు 15న 2.6.27.1 వచ్చింది. అందులో ఎఫ్‌ట్రేస్‌లోని ఈ చిరునామాలు మార్చే పద్ధతిని ఎవరూ వాడకుండా పక్కన పెట్టారు. ఎఫ్‌ట్రేస్‌ని రాసింది స్టీవెన్ రోస్టెడ్ అనే ఇంజినీరు. అప్పట్లో ఆయన రెడ్ హ్యాట్ సంస్థలో ఉండేవారు. ఏం జరిగిందో ఆయన దాచలేదు. మూలమేమిటో అదే నెలలో ఎవరైనా చదువుకునేలా బహిరంగంగా వివరణ వచ్చింది. తర్వాత ఆయనే ఆ భాగాన్ని కొత్తగా కట్టారు. డిసెంబరులో వచ్చిన 2.6.28 నుంచి, యంత్రం నడుస్తుండగా చిరునామాలు పోగేసే పద్ధతే పోయింది. ప్రోగ్రాం తయారయ్యేటప్పుడే జాబితా సిద్ధమవుతుంది. చోటు ఖాళీ చేసే ఫంక్షన్ల పేర్లు అందులోంచి తీసేస్తారు. ఆనాడు చిప్‌ల జ్ఞాపకాన్ని చెరిపిన ఎఫ్‌ట్రేస్, ఇవాళ ప్రపంచమంతా లైనక్స్ ఇంజినీర్లు నమ్మి వాడే పనిముట్టు.

గమనించారా? మరమ్మతు ఒకటి కాదు, మూడు. నష్టం జరిగేచోట తాళం. తప్పు జరిగేచోట అడ్డుకట్ట. ఆ తప్పు మళ్లీ పుట్టే వీల్లేకుండా కొత్త నిర్మాణం. వీటికి తోడు నాలుగోది, జరిగింది జరిగినట్టు పదిమందికీ చెప్పడం. ఆ నాలుగోది లేకపోతే డ్రైవర్ మీద పడ్డ మచ్చ పోయేది కాదు.

మచ్చ అంటే గుర్తొచ్చింది. ఆ ఉదంతాన్ని ఇంజినీర్లు ఇప్పటికీ ‘ఈ1000ఈ బగ్’ అనే అంటారు. ఏ పాపం తెలియని డ్రైవర్ పేరే దానికి స్థిరపడిపోయింది. కాకపోతే ఆ పేరు తెలిసినవాళ్లకు అసలు కథ కూడా తెలుసు. మా ఊళ్లో అదీ లేదు. ఇప్పటికీ ఎవరైనా ‘నలభై బస్తాల గొడవ’ అంటే చెప్పే పేరు మా నాన్నదే. తర్వాత ఏం తేలిందో చెప్పేవాళ్లు తక్కువ.

డిప్లొమాలో మాకు మొదటిరోజే ఆరు ప్రశ్నలు నేర్పారు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా. వరసలో ‘ఎవరు’ ముందుంటుంది, ‘ఎలా’ చివర. వార్త రాయడానికి ఆ వరస సౌకర్యమే. డెడ్‌లైన్ ముంచుకొస్తుంటే ‘ఎవరు’ దొరికితే చాలు, శీర్షిక దొరికినట్టే. వంతెన కూలితే, ఆసుపత్రిలో ప్రాణం పోతే, బ్యాంకు లెక్కల్లో డబ్బు తగ్గితే, ఆ చోట నిలబడ్డ మనిషే మనకు ముందు కనిపిస్తాడు. తాళాలు అతని దగ్గరే ఉంటాయి మరి!

అలాంటి వార్త ఏది వచ్చినా నాకిప్పుడు ఆ సున్నం వేసే మనిషి కళ్లముందు మెదులుతాడు. చేతిలో ఉన్నది ఎప్పటి చీటీ? దాన్ని రాసి ఇచ్చింది ఎవరు? ఇల్లు పడగొట్టినప్పుడు చీటీలో పేరు కొట్టేయాల్సిన బాధ్యత ఎవరికీ ఎందుకు లేదు? ఈ ప్రశ్నలన్నీ అడిగాక కూడా చివరికి ఒక మనిషి పేరే తేలవచ్చు. తేలనివ్వండి. అప్పుడు రాసే పేరుకు ఆధారం ఉంటుంది. వాళ్లింట్లో అమ్మ కిరాణా కొట్టుకెళ్లేలోపు ఆ మాత్రం ఆధారం దొరకాలి కదా!